పురిలోనే ఉంది బలం

గడ్డిపోచలన్నీ కలిస్తే ఏనుగునైనా కట్టవచ్చునని మన పెద్దలు అంటారు. మంచి మాటే. కాని ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. గడ్డివాము నుంచి గుప్పెడు గడ్డి లాగి, పోచలను ఊరికే పక్కపక్కన పేర్చి, రెండు కొసలూ పట్టుకుని లాగండి. ఏనుగు మాట అటుంచి, ఆ గడ్డి మేకపిల్లను కూడా ఆపలేదు. పోచలు ఒకదానిపై ఒకటి జారి విడిపోతాయి. అదే గడ్డిని కాస్త తడిపి, మెలిపెట్టి తాడుగా పేనితే దానితో పెద్ద మోపును కట్టి నెత్తిన పెట్టుకుని ఇంటికి తేవచ్చు.

గడ్డి అదే. పోచల సంఖ్య అదే. కొత్తగా వచ్చి చేరినది ఒక్కటే: మెలిక. దీన్నే మనవాళ్ళు పురి అంటారు. మీరు తొడుక్కున్న చొక్కా, కప్పుకునే దుప్పటి, బావిలో చేదను దించే తాడు, అన్నీ ఈ పురి మీదనే నిలబడి ఉన్నాయి. ఈ నెల మనం దూదితో, ఉన్నితో, ఒక వెదురుపుల్లతో, నాలుగు మేకులతో ఈ పురి సంగతి తేల్చుకుందాం. ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఓపిక మాత్రం కావాలి.

మొదటి ప్రయోగం: దూది చెప్పే సంగతి

మందుల దుకాణంలో దొరికే దూదిలోనుంచి చిటికెడు తీసుకోండి. భూతద్దం కింద ఒక్కొక్క పోగును చూడండి. ఎంత వెదికినా 2, 3 సెంటీమీటర్లకు మించిన పోగు సాధారణంగా కనిపించదు. మరి బజారులో కొన్న దారపు ఉండలో వందల మీటర్ల దారం ఎక్కడా అతుకు లేకుండా ఎలా వచ్చింది?

ఇప్పుడు ఆ దూదిని రెండు చేతులతో మెల్లగా లాగండి. పొడవుగా సాగి, పలుచనై, చివరకు రెండుగా విడిపోతుంది. పోగులు తెగలేదు సుమా! ఒకదాని పక్కనుంచి మరొకటి జారిపోయాయి, అంతే. మరొక చిటికెడు దూది తీసుకోండి. ఈసారి కాస్త సాగిన తరువాత కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి ఒకే దిక్కుకు మెలిపెడుతూ లాగండి. మెలిక పడిన భాగం గట్టిపడుతుంది. దాన్ని తెంచాలంటే నిజంగా బలం ఉపయోగించవలసి వస్తుంది.

కారణం ఆలోచించండి. మెలిక పడిన పోగులు దారం చుట్టూ మరచుట్టులాగా తిరిగి ఉంటాయి. దారాన్ని లాగినప్పుడు బయటి చుట్లు బిగుసుకుని లోపలి పోగులను నొక్కుతాయి. నొక్కుడు పెరిగితే ఘర్షణ పెరుగుతుంది. ఘర్షణ పెరిగితే జారడం ఆగిపోతుంది. అనగా, మనం ఎంత గట్టిగా లాగితే ఆ పోగులు ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకుంటాయి. మనల్ని నేలమీద నడిపించే ఘర్షణే మన చొక్కాను కూడా ఊడిపోకుండా కాపాడుతున్నది.

అయితే పురి ఎక్కువైనకొద్దీ బలం పెరుగుతూనే పోతుందా? పోదు. మితిమీరి మెలిపెడితే పోగులు దారం పొడవునా కాక అడ్డంగా వాలిపోతాయి. లాగే బలానికి అవి ఎదురుగా నిలవలేవు. దారం ఉండలు చుట్టుకుని, పెళుసుబారి పుటుక్కున తెగుతుంది. తక్కువ పురి పెడితే జారుతుంది, ఎక్కువ పెడితే తెగుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న మేర ఎక్కడో వడికేవారి వేళ్ళకు తెలుస్తుంది.

ఏకై వచ్చి మేకై కూర్చున్నాడనే సామెత మీరు విన్నారు కదా! ఏకు అంటే వడకడానికి సిద్ధంగా చుట్టిన మెత్తని దూదిచుట్ట. అది మేకంత గట్టిపడడమేమిటని ఆశ్చర్యపోనక్కరలేదు. పురి ఎక్కితే అది చేసే పని చూస్తే ఈ సామెత కట్టినవారు నూలు వడికిన ఇంటివారే అయి ఉంటారనిపిస్తుంది.

దూది వేరు, ఉన్ని వేరు

దూది చెట్టు ఇచ్చింది, ఉన్ని జంతువు ఇచ్చింది. దూదిపోగు సెల్యులోజుతో తయారైన సన్నని గొట్టం. కాయ పగిలి ఎండగానే ఆ గొట్టం చప్పిడిపడి, రిబ్బనులాగా అక్కడక్కడ మెలిక తిరుగుతుంది. ఈ సహజమైన మెలికలు పోగులు ఒకదానికొకటి చిక్కుకోవడానికి సాయపడతాయి.

ఉన్ని కెరాటిన్ అనే ప్రోటీను. మన వెంట్రుకలు, గోళ్ళు, ఆవు కొమ్ములు కూడా కెరాటినే. ఉన్నిపోగు పైన చేపపొలుసుల వంటి పొలుసులు ఉంటాయి. అవన్నీ కొసవైపుకు వాలి ఉంటాయి. పైగా ఉన్నిపోగు తిన్నగా ఉండదు, అలలు అలలుగా వంకరలు తిరిగి ఉంటుంది. ఆ వంకరల మధ్య గాలి చిక్కుకుంటుంది. కదలని గాలి వేడిని సులభంగా పోనివ్వదు కనుక ఉన్ని దుప్పటి వెచ్చగా ఉంటుంది. ఉన్ని దుప్పటిలో మనల్ని వెచ్చగా ఉంచేది సగం ఉన్ని, సగం గాలి అన్నా తప్పులేదు.

ఒక హెచ్చరిక. బజారులో ఊలు అనే పేరుతో దొరికే రంగురంగుల దారమంతా ఉన్ని కాదు. అందులో చాలాభాగం పెట్రోలియం నుంచి తీసిన పదార్థాలతో తయారయ్యే అక్రిలిక్. తేడా తెలుసుకోవాలంటే మీ ఉపాధ్యాయుని ఎదుట, పక్కన నీళ్ళు పెట్టుకుని, చిన్న ముక్కను పటకారతో పట్టుకుని మంటకు చూపండి. నూలుదారం కాగితం కాలిన వాసన వేసి బూడిద అవుతుంది. ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, మంట తీయగానే సాధారణంగా ఆరిపోతుంది, మిగిలిన నల్లని ముద్ద వేళ్ళమధ్య పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలాగా మారుతుంది. కరిగినది చర్మానికి అంటుకుంటుంది కనుక ఈ పని ఒంటరిగా చేయకండి.

కదురు తయారు చేద్దాం

వేళ్ళతో మెలిపెట్టి ఎంత దారం తీయగలం? జానెడు, మూరెడు. అందుకే మానవుడు కదురును కనిపెట్టాడు. కదురు అంటే ఒక పుల్ల, దాని కింది భాగంలో ఒక గుండ్రని బిళ్ళ. మొహెంజొదారో, హరప్పా తవ్వకాలలో మధ్య బెజ్జం ఉన్న మట్టి బిళ్ళలు దొరికాయి. 4,000 ఏళ్ళకు పూర్వమే మన ఉపఖండంలో నూలు వడికారనడానికి అవి సాక్ష్యాలు.

కావలసినవి: పెన్సిలు లావున 25 సెంటీమీటర్ల పొడవున్న వెదురుపుల్ల, గుప్పెడు బంకమట్టి, చిన్న గుడ్డపీలిక.

పుల్లను గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. పై కొసకు ఒక సెంటీమీటరు కింద చిన్న గాటు పెట్టండి. బంకమట్టితో 6 సెంటీమీటర్ల వెడల్పున బిళ్ళ చేసి మధ్య బెజ్జం పెట్టండి. బెజ్జం పుల్లకన్న కాస్త పెద్దదిగా ఉండాలి. బిళ్ళను పుల్లకు గుచ్చి ఆరబెట్టకూడదు. మా తరగతిలో మొదటిసారి అలాగే చేశాం. మర్నాటికి బిళ్ళలన్నీ పగుళ్ళు విచ్చాయి. మట్టి ఆరుతూ కుంచించుకుపోతుంది, పుల్ల కుంచించుకోదు. మట్టికి పగలడం తప్ప వేరే దారి లేదు. కనుక బిళ్ళను విడిగా నీడలో ఆరబెట్టి, తరువాత పుల్లకు గుడ్డపీలిక చుట్టి బిళ్ళను బిగించండి.

అసలు బిళ్ళ ఎందుకు? బిళ్ళ లేకుండా పుల్లను తిప్పి చూడండి, రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. బిళ్ళతో తిప్పండి, చాలాసేపు తిరుగుతుంది. తిరిగే వస్తువుకు తిరుగుతూనే ఉండాలనే స్వభావం ఉంటుంది. దీన్ని కొలిచే రాశి జడత్వ భ్రామకం. ఇది వస్తువు బరువు మీదనే కాక, ఆ బరువు ఇరుసుకు ఎంత దూరాన ఉన్నదనే దాని మీద కూడా ఆధారపడుతుంది. దూరం రెట్టింపైతే దాని ప్రభావం నాలుగు రెట్లవుతుంది. నమ్మకం లేకపోతే ఒకే బరువున్న మట్టితో ఒక ఉండ, ఒక వెడల్పాటి బిళ్ళ చేసి, రెండు పుల్లలకు గుచ్చి, ఒకే విధంగా తిప్పి చూడండి. ఏది ఎక్కువసేపు తిరుగుతుందో గడియారం పెట్టి కొలవండి.

ఉన్నిని సిద్ధం చేయడం

మీ ఊళ్ళో గొర్రెల కాపరులు ఉంటే బొచ్చు కత్తిరించే రోజున గుప్పెడు ఉన్ని అడిగి తెచ్చుకోండి. దానిలో పల్లేరుకాయలు, గడ్డి, మట్టి ఉంటాయి. ముందు వాటిని ఏరివేయండి. ఉన్నికి ఒక జిడ్డు పట్టి ఉంటుంది. దాన్ని శుద్ధి చేస్తే లానోలిన్ వస్తుంది. చర్మానికి రాసుకునే లేపనాలలో దాన్ని వాడతారు.

గోరువెచ్చని కుంకుడురసంలో ఉన్నిని నానబెట్టి, పైకి తీసి, మంచినీళ్ళలో ముంచి తీయండి. బట్టలు ఉతికినట్లు రుద్దకండి, పిండకండి. ఎందుకంటే తడి, వేడి, రాపిడి కలిసినప్పుడు ఉన్నిపోగులు ఒకే దిక్కుకు పాకుతాయి. పొలుసులు వాటిని వెనక్కు రానివ్వవు. ఉన్నంతా ముద్దగట్టి ఇక విడిపోదు. ఉన్ని స్వెట్టరును వేడినీళ్ళలో ఉతికితే చంటిపిల్లవాడి చొక్కా అంత అయిపోయేది ఇందువల్లనే. నీడలో ఆరిన ఉన్నిని వేళ్ళతో విప్పి, రెండు పాత దువ్వెనలతో దువ్వి, మెత్తని చుట్టలుగా చుట్టుకోండి.

వడకడం

కదురు పుల్లకు బిళ్ళకు పైన అరమీటరు దారం కట్టి, పై గాటులో మెలికవేసి తగిలించండి. దారం కొసను విప్పి దానిపై ఉన్నిచుట్ట కొసను ఆనించి ఎడమచేతి వేళ్ళతో పట్టుకోండి. కుడిచేతితో కదురును ఒకే దిక్కుకు తిప్పి వదలండి. పురి దారంలోకి పాకి, మీ ఎడమచేతి వేళ్ళవద్ద ఆగుతుంది. ఇప్పుడు కదురును మోకాళ్ళ మధ్య పట్టుకుని ఆపండి. ఉన్నిని కొద్దిగా పలుచగా లాగండి. తరువాత వేళ్ళు కాస్త వెనక్కు జరిపి పురిని ఆ పలుచని ఉన్నిలోకి రానివ్వండి. మళ్ళీ తిప్పండి. చేతికందినంత దారం రాగానే బిళ్ళపైన కండెగా చుట్టుకుని మళ్ళీ మొదలుపెట్టండి. చేయి తిరిగిన తరువాత కదురును ఆపనక్కరలేదు. అది వేలాడుతూ తిరుగుతుండగానే దారం తీయవచ్చు.

మొదట దారం తెగుతుంది. చాలాసార్లు తెగుతుంది. మా తరగతిలో 30 మంది పిల్లలు, ఒక ఉపాధ్యాయుడు గంటసేపు కష్టపడితే బారెడు దారం వచ్చింది. అదీ ఒకచోట వేలంత లావు, మరొకచోట వెంట్రుకంత సన్నం. ఉన్ని మంచిది కాదని తీర్మానించాం. అప్పుడు ఒక విద్యార్థి లేచి, "మా తాత వడుకుతడు సార్, పిలుచుకొస్త" అన్నాడు. మర్నాడు ఆ పెద్దాయన వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో కదురు. కాసేపు మా అవస్థ చూసి, "సారూ, ఉన్ని తప్పు గాదు. పురి రాకముందే గుంజుతున్నరు" అన్నాడు. అంతే చెప్పాడు. తరువాత ఆయన బడి వరండాలో అటూ ఇటూ నడుస్తూ, మాతో గొర్రెల సంగతులు మాట్లాడుతూ, దారం వైపు చూడకుండానే కండె నింపాడు.

ఆయన మాటను శాస్త్రభాషలో చెప్పుకుందాం. పురి దారంలో సమానంగా పరచుకోదు. సన్నని చోటును మెలిపెట్టడం తేలిక కనుక పురి ముందు అక్కడికి పోతుంది. లావు చోటుకు తక్కువగా అందుతుంది. పురి చాలని చోటును గుంజితే పోగులు జారి దారం విడిపోతుంది. కాని ఇదే గుణాన్ని తెలిసినవారు తమకు అనుకూలంగా మార్చుకుంటారు. లావు చోటులో పురి తక్కువ కనుక దాన్ని మెల్లగా సాగదీయవచ్చు. అది సన్నబడగానే పురి దానిలోకి వచ్చి గట్టిపరుస్తుంది. దారం తన హెచ్చుతగ్గులను తానే సరిచేసుకుంటుంది. మేము పుస్తకంలో ఘర్షణ పాఠం చదివాం. ఆయన వేళ్ళు దాన్ని నిత్యం చదువుతున్నాయి.

దూది పోగులు పొట్టివి. కదురు బరువుకు వేలాడితే విడిపోతాయి. అందుకే దూదికి చిన్న తకిలీ వాడి, దాని మొనను కొబ్బరిచిప్పలో ఆనించి తిప్పుతారు. బరువు చిప్ప మోస్తుంది, దారం మోయదు. రాట్నంలో మరొక సులువు ఉంది. పెద్ద చక్రం వ్యాసం 50 సెంటీమీటర్లు, కదురుపై దారం తిరిగే చోట వ్యాసం 1 సెంటీమీటరు అనుకోండి. చక్రం ఒక చుట్టు తిరిగితే కదురు 50 చుట్లు తిరుగుతుంది.

ఈ పనిలో చేతి నేర్పు ఎంతదూరం పోగలదో శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు చెబుతుంది. అక్కడ వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనగా చేసి పత్తిని దువ్వుతారు. చేప సన్నని పళ్ళు పోగులను వరుసగా తీర్చిదిద్దుతాయి. ఆ పత్తితో 100 కౌంటు నూలు వడుకుతారు. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అది అన్ని కౌంట్ల నూలు. 100 కౌంటు అంటే పౌనుకు 84,000 గజాలు, అనగా 454 గ్రాములలో దాదాపు 77 కిలోమీటర్ల దారం! ఒక్క గ్రాములో సుమారు 169 మీటర్లు. లెక్కవేసి సరిచూసుకోండి.

రెండు పేటలు

అప్పుడే వడికిన దారాన్ని మూరెడు తీసుకుని బిగుతుగా పట్టుకోండి. మధ్యలో మీ స్నేహితుడు వేలు పెట్టాలి. రెండు కొసలనూ దగ్గరకు తెచ్చి, అతడు వేలు తీసివేస్తే దారం తనంతట తానే చుట్టుకుని రెండు పేటల దారమవుతుంది. పరిశీలించండి: పోగులకు పెట్టిన పురి ఒక దిక్కుకు, పేటలు చుట్టుకున్నది దానికి ఎదురు దిక్కుకు. ఒక్క పేట పురి విప్పుకోవాలని చూస్తుంది. పేటలు కలిసిన మెలిక దాన్ని అడ్డుకుంటుంది. రెండు ప్రయత్నాలూ సరితూగి దారం నెమ్మదిగా నిలుస్తుంది. తాళ్ళు పేనేవారు చేసేదీ ఇదే. ఎదురెదురు బలాలతో స్థిరత్వాన్ని సాధించడమే ఇందులోని కిటుకు.

నాలుగు మేకుల అల్లిక

దారం సిద్ధమైంది. ఇప్పుడు అల్లుదాం. మధ్య బెజ్జం ఉన్న చెక్క దారపురీలు తీసుకుని, బెజ్జం చుట్టూ నాలుగు చిన్న మేకులు సమాన దూరంలో దిగగొట్టండి. చెక్కరీలు దొరకకపోతే దళసరి అట్టగొట్టానికి నాలుగు ఐస్‌క్రీము పుల్లలను, కొసలు ఒక వేలెడు పైకి ఉండేట్లు, దారంతో గట్టిగా కట్టండి.

దారం కొసను గొట్టంలోనుంచి కిందికి వదలండి. ఒక్కొక్క మేకుకు ఒక్కొక్క చుట్టు వేస్తూ నాలుగు మేకులనూ చుట్టిరండి. తరువాత మొదటి మేకుకు బయటివైపున, పాత చుట్టుకు పైన, దారాన్ని ఆనించండి. మొద్దు సూదితో కింది చుట్టును పైకెత్తి, దారం మీదుగా, మేకు తల మీదుగా లోపలికి దాటించండి. రెండవ మేకుకూ అలాగే. ఇలా చుట్టూ తిరుగుతూ, మధ్య మధ్య కింది కొసను లాగుతూ ఉంటే కొద్దిసేపటికి గొట్టం కిందినుంచి గుండ్రని అల్లికతాడు దిగివస్తుంది. చాలనుకున్నప్పుడు దారాన్ని కత్తిరించి, నాలుగు చుట్లలోనుంచి దూర్చి బిగించండి.

ఆ తాడును 10 సెంటీమీటర్లు కొలిచి సాగదీయండి. ఎంతవరకు సాగింది? అంతే పొడవున్న నేతగుడ్డ పీలికను పోగుల దిక్కుకు లాగండి. ఎంత సాగింది? నేతలో పడుగు, పేక దాదాపు తిన్నగా ఉంటాయి కనుక సాగడానికి చోటు తక్కువ. అల్లికలో దారం ఉచ్చులు ఉచ్చులుగా ఉంటుంది. లాగితే ఉచ్చు ఆకారం మారుతుంది, వదిలితే చాలావరకు మళ్ళీ సర్దుకుంటుంది. మేజోళ్ళు, బనియన్లు ఒంటికి అంటుకుని ఉండడంలోని రహస్యం ఇదే. ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన 1589 లో మేజోళ్ళు అల్లే యంత్రాన్ని తయారు చేశాడు. ఉచ్చులో నుంచి ఉచ్చును లాగడమే ఆ యంత్రం పని కూడా.

గొంగడి చెప్పే కథ

తెలంగాణలోను, దక్కను పీఠభూమిలోని ఇతర ప్రాంతాలలోను దక్కనీ గొర్రెలు ఉన్నాయి. వాటి ఉన్ని ముతకది, ఎక్కువగా నల్లనిది. మెత్తని స్వెట్టర్లకు అది పనికిరాదు. కాని గొర్రెలు కాచే మనిషికి కావలసినది మెత్తదనం కాదు. కురుమలు ఆ ఉన్నిని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి గొంగడి నేస్తారు. ఉన్నిపోగు పైభాగం నీటిచుక్కను త్వరగా లోపలికి రానివ్వదు. అయినా గాలిలోని తేమను పోగు లోపల దాచుకుంటుంది. తన బరువులో దాదాపు మూడవ వంతు తేమను పీల్చుకున్నా తడిగా అనిపించదు. వానలో గొడుగు, చలిలో దుప్పటి, రాళ్ళ నేలపై పరుపు, అన్నీ ఆ ఒక్క గొంగడే.

ఇప్పుడు పరిస్థితి మారింది. మాంసానికి గిరాకీ పెరిగి, మందలలో నెల్లూరు జాతి గొర్రెలు ఎక్కువయ్యాయి. వాటికి ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. దక్కనీ ఉన్నికి ధర గిట్టక, బొచ్చు కత్తిరించిన కూలి కూడా రాక, పలుచోట్ల దాన్ని చేను గట్లమీద పారవేస్తున్నారు. కాపరి తన బతుకు చూసుకున్నాడని తప్పుపట్టలేం. కాని కదురుతో పాటు మనం పోగొట్టుకుంటున్నది ఏమిటో తెలుసుకోవాలి. మా బడికి వచ్చిన పెద్దాయనను, మీ తరువాత మీ ఇంట్లో ఎవరు వడుకుతారని అడిగాను. ఆయన మనవడి వైపు చూశాడు. మనవడు నేలవైపు చూశాడు.

అయితే ఆ పిల్లవాడు ఆ నెలాఖరుకు మూడు కండెలు వడికాడు. మిగిలిన వారి దారాలలో ఇంకా లావు సన్నాలు ఉన్నాయి. ఫరవాలేదు. పుస్తకంలో రాసి ఉన్న జ్ఞానాన్ని ఎప్పుడైనా తెరిచి చదువుకోవచ్చును. వేళ్ళలో ఉన్న జ్ఞానాన్ని ఆ వేళ్ళు కదులుతున్నప్పుడే నేర్చుకోవాలి. మీ ఊళ్ళో వడికేవారు, అల్లేవారు, తాళ్ళు పేనేవారు ఎవరైనా ఉంటే ఒక సాయంత్రం వారి పక్కన కూర్చోండి. వారు చేసేది ఎందుకు అలా చేస్తున్నారో అడగండి. ప్రతి సమాధానంలోనూ ఒక భౌతికశాస్త్ర పాఠం ఉంటుంది.

ఆలోచించండి, చేసి చూడండి

1. ఒకే ఉన్నితో తక్కువ పురి, మధ్యస్థపు పురి, ఎక్కువ పురి ఉన్న మూడు దారాలు తీయండి. ఒక్కొక్కదానికి చిన్న డబ్బా వేలాడదీసి, అందులో కొద్దికొద్దిగా ఇసుక పోయండి. ఏది ఎంత బరువుకు తెగింది?

2. కదురును ఒకసారి కుడివైపుకు, తరువాత ఎడమవైపుకు తిప్పితే దారం ఏమవుతుంది? ఎందుకు?

3. మీ అల్లికతాడు 10 సెంటీమీటర్ల ముక్కను విప్పి కొలవండి. ఎంత దారం పట్టింది? నాలుగు మేకులకు బదులు ఆరు మేకులు వాడితే ఎంత పడుతుంది?

4. కొబ్బరి పీచు, జనుము, గోగునార, మీ సొంత వెంట్రుకలు, వీటిలో దేనితో దారం తీయడం తేలిక? పోగు పొడవు, గరుకుదనం రెండూ చూసి ముందు ఊహించి రాసుకోండి. తరువాత చేసి చూడండి.